పదిరోజుల రూలు

అసిరమ్మకు వాంతి తుడవడమంటే ఏవగింపు లేదు. గాజువాకలో ఓ ఇంగ్లీషు మీడియం బడిలో ఆయాగా పదకొండేళ్లు చేసింది. ఎల్‌కేజీ పిల్లల కక్కులు, తడిసిన నిక్కర్లు, కారే ముక్కులు ఆ చేతులతోనే శుభ్రం చేసింది. కొత్తగా చేరిన టీచరమ్మలు కొంగు అడ్డం పెట్టుకుని పక్కకు జరిగితే నవ్వేది. "పిల్లలు అన్నం కక్కుతారు గానీ బంగారం కక్కుతారేటమ్మా?" అంటూ బకెట్టు తెచ్చుకునేది. అలాంటి మనిషికి తొంభై నాలుగులో, దసరా ముందు, ఆ బడి మీదే రోత పుట్టింది.

ఆమెది స్టీల్‌ప్లాంటు కింద పోయిన ఊరు. నిర్వాసితుల కాలనీకి వచ్చేనాటికి ముప్ఫై దాటాయి. మొగుడు పోయాక బడిలో కుదిరింది. ఆమెకు ఎనిమిదేళ్లప్పుడు ఆ పోయిన ఊరికి కలరా వచ్చింది. ఒక్క రోజు తేడాలో తమ్ముడూ చెల్లెలూ చనిపోయారు. ఊరి పెద్దలు దారికి అడ్డంగా వేపమండలు కట్టారు. బయటివాళ్లు లోపలికి రాకూడదు, లోపలివాళ్లు బయటికి పోకూడదు. సంతకు వెళ్లి తిరిగొచ్చిన మామ్మ, మనవలిద్దరూ పోయారని తెలిసినా ఆ మండలు దాటలేదు. పదిహేను రోజులు కళ్లం దగ్గర తాటాకు చాటునే పడుంది. "కట్టు ఊరికోసం కట్టినారు, నా ఒక్కదానికి ఇప్పుతారేటి" అందట.

అందుకే సెప్టెంబరు చివర్లో సూరత్‌లో ప్లేగు అని పేపర్లు హోరెత్తినప్పుడు, బడిలో కొత్త రూలు పెడితే అసిరమ్మకు అది తప్పనిపించలేదు.

ఆ రోజుల్లో గాజువాక జంక్షన్ చూడాలి. షేర్ ఆటోల్లో ఒక్కొక్కడూ ముక్కుకు రుమాలు కట్టుకుని దొంగల్లా కూర్చునేవారు. మందుల షాపుల్లో టెట్రాసైక్లిన్ బిళ్లలు అయిపోయాయి. ఓ గోదాంలో చచ్చిన ఎలక కనిపిస్తే వీధి వీధంతా తలుపులు వేసుకుంది. ఇరవై నాలుగో తారీకు శనివారం పొద్దున ప్రిన్సిపాల్ శ్రీరామ్మూర్తి నోటీసు బోర్డుకు కాగితం అంటించాడు. సూరత్, బొంబాయి, ఢిల్లీ వైపు ప్రయాణం చేసి వచ్చిన పిల్లలు పదిరోజులు బడికి రాకూడదు. ఆ పైన డాక్టరు సర్టిఫికెట్ తేవాలి. ఆ పదిరోజులూ హాజరు పట్టీలో గైర్హాజరే.

"గేటు నీ బాధ్యత అసిరమ్మా," అన్నాడు ప్రిన్సిపాల్. "ఎవరైనా సరే. నా కూతురైనా సరే ఆపెయ్."

ఎవరైనా సరే అన్న ఆ మాట అసిరమ్మకు నచ్చింది. చీర కుచ్చిళ్లు బిగించి, ఈలా చేతికర్రా తీసుకుని గేటు దగ్గర నిలబడింది.

ఆ పొద్దున ఆపింది ఒక్క పిల్లనే. ఆరో తరగతి ఆశాజ్యోతి. వాళ్ల నాన్న జగ్గారావు సూరత్‌లో బట్టల మిల్లులో పని చేస్తాడు. మిషన్‌లో అతని చెయ్యి పడిందని కబురొస్తే, తల్లి కాంతం పిల్లను తీసుకుని వెళ్లి చూసి, పదిహేడో తారీకున తిరిగొచ్చేసింది. అప్పటికి ప్లేగు మాటే ఎవరికీ తెలియదు. పిల్ల ఆ సోమవారం నుంచి శుక్రవారం దాకా అయిదు రోజులు బడికొచ్చింది, పాఠాలు విన్నది, అందరితో కలిసి అన్నం తిన్నది. సూరత్ వెళ్లొచ్చిందన్న సంగతి శనివారం పొద్దున స్టాఫ్ రూములో క్లాస్ టీచరు కుసుమకుమారి నోటి నుంచి బయటికొచ్చింది.

అసిరమ్మ కొంగు ముక్కుకు చుట్టుకుని కర్ర అడ్డం పెట్టింది. "దూరం. అక్కడే నిలబడు. సూరత్ ఎల్లినావా నేదా?"

"ఎల్లినాం ఆయమ్మా. నాన్న సెయ్యి మిషన్‌లో పడ్డాది కదా. సోమవారం నుంచి వస్తన్నాను గదా నాను?"

"ఇంటికి ఎలిపో. పదిరోజులు ఇటు రాకు."

పిల్ల కాసేపు నిలబడింది. వెనక వచ్చే పిల్లలు చుట్టూ తిరిగి లోపలికి పోతున్నారు. ఎవడో "ఎలకొచ్చిందిరోయ్" అన్నాడు. నలుగురు నవ్వారు. ఆశ బ్యాగులోంచి లెక్కల హోంవర్కు పుస్తకం తీసి చాపింది. "టీచర్‌కి ఇచ్చీ ఆయమ్మా. అన్నీ సేసీసినాను."

అసిరమ్మ ఆ పుస్తకం ముట్టుకోలేదు. కర్రతో కింద పెట్టమని చూపించింది. పిల్ల గేటు పక్క గట్టు మీద పెట్టి వెళ్లిపోయింది. సాయంత్రం దాకా ఆ పుస్తకం అక్కడే ఎండింది. బడి వదిలాక ప్రిన్సిపాల్ చెబితే, దాని మీద బ్లీచింగ్ చల్లి చెత్తకుండీలో పడేసింది. ఆరో తరగతి గదిలో పిల్ల కూర్చున్న బెంచీని కూడా ఫినాయిల్‌తో కడిగి పెరట్లోకి మోయించారు. బెంచీ ఉన్నచోట తెల్లటి బ్లీచింగ్ పొడితో గుండ్రంగా గీత గీయించారు. అసిరమ్మ అన్నీ చెప్పినట్టే చేసింది. ఊరికోసం కట్టు కదా అనుకుంది.

మర్నాడు ఆదివారం. సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకు గేటు ముందు మారుతి కారు ఆగింది. బడి కరస్పాండెంటు భీమశంకరరావుగారి కారు. ఆయన గోదావరి జిల్లా నుంచి వచ్చి స్టీల్‌ప్లాంటు కాంట్రాక్టుల్లో పైకొచ్చిన మనిషి. బడి ఆయనదే. కారులోంచి ఆయన మనవరాలు ధనశ్రీ దిగింది. ఆశ కూర్చునే బెంచీలోనే కూర్చునేది. పది రోజులుగా బడికి రాలేదు. దిగుతూనే రుమాలు నోటికి పెట్టుకుని దగ్గింది.

అసిరమ్మ అందరినీ అడిగినట్టే అడిగింది. "ఎక్కణ్ణుంచి వొచ్చినావమ్మా?"

"బొంబాయి నుంచి ఆయమ్మా. పెద్దమ్మగారింటి నుంచి. నిన్న సాయంత్రమే వచ్చాం," అంది పిల్ల. అబద్ధం చెప్పాలని దానికి ఎవరూ నేర్పలేదు.

అసిరమ్మ కర్ర అడ్డం పెట్టింది. డ్రైవరు అబ్బులు కారు తలుపు తీసి, "ఏటే అసిరమ్మా, కళ్లు కనపడ్డం నేదా? బాబుగారి మనవరాలు," అన్నాడు.

"కనపడతన్నాది. బొంబాయి అన్నాది గదా. బోర్డు మీద రాసున్నాది. నాను సారుని అడిగీసి వొత్తాను, అందాకా ఇక్కడే ఉండండి."

ప్రిన్సిపాల్ గది దగ్గరికి ఆమె చేరేలోపే శ్రీరామ్మూర్తి ఎదురొచ్చాడు. చెప్పులు సగం తొడుక్కుని పరుగులాంటి నడక. గేటు దగ్గరికి వెళ్లి ఆ పిల్ల తల మీద చెయ్యేసి, "రామ్మా రా" అని తానే లోపలికి తీసుకెళ్లాడు. వెనక్కి వచ్చి గొంతు తగ్గించాడు.

"వాళ్లు విమానంలో వచ్చారు అసిరమ్మా. విమానంలో ఎలకలుంటాయా చెప్పు? రైల్లో అంటే వేరు. రకరకాల జనం."

"దగ్గుతన్నాది సారూ."

"ఏసీ దగ్గు," అన్నాడాయన.

అసిరమ్మ మళ్లీ గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. మామూలుగా ఆ వేళకు డబ్బాలో తెచ్చుకున్న చద్దన్నం తినేది. ఆ రోజు మూత తీసి, మళ్లీ పెట్టేసింది. తన చేత్తో గీసిన బ్లీచింగ్ గీత ఆరో తరగతి కిటికీలోంచి కనిపిస్తోంది. ఆ గీత పక్కనే కొత్త బెంచీ వేసి ధనశ్రీని కూర్చోబెట్టారు. పిల్ల పుస్తకం మీదికి వంగి దగ్గుతోంది. ఎవరూ ఎలక అనలేదు. కుసుమకుమారి టీచరు గ్లాసుతో వేడినీళ్లు తెప్పించి ఇచ్చింది.

బుధవారం క్వార్టర్లీ పరీక్షలు మొదలయ్యాయి. ఆ పొద్దున కాంతం కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. కాంతం మిషన్ కుట్టుకుని బతికే మనిషి, మాట మెత్తన. అసిరమ్మను అక్క వరసలో అప్పా అని పిలిచేది. గేటుకు ఆరడుగుల దూరంలో తానే ఆగిపోయింది. చేతిలో డాక్టరు రాసిన చీటీ. పిల్లకు జ్వరం లేదు, గడ్డలు లేవు, ఊపిరితిత్తులు బాగున్నాయి, బడికి పోవచ్చని రాసి ఉంది.

"అప్పా, మేం వొచ్చింది పదిహేడుని. పదిరోజులు అయిపోనాయి గదా. నిన్నటితో దాటిపోనాది. పరీక్ష రాయనిమ్మని సెప్పప్పా."

అసిరమ్మ వేళ్ల మీద లెక్కపెట్టింది. నిజమే. పద్దెనిమిది నుంచి ఇరవై ఏడుకి పది. చీటీ పట్టుకుని లోపలికి వెళ్లింది. ఈసారి చీటీని చేత్తోనే పట్టుకుంది.

శ్రీరామ్మూర్తి చీటీ చదవలేదు. అంచు పట్టుకుని బల్ల మీద దూరంగా పెట్టాడు. "పదిరోజులు నోటీసు తేదీ నుంచి. ఇరవై నాలుగు నుంచి మూడు దాకా. నాలుగో తారీకున రమ్మను. దీని మీద ఆస్పత్రి ముద్ర లేదు. ముద్ర వేయించుకుని రమ్మను."

"రోగం తేదీ సూసి వొత్తాదేటి సారూ? ఒంట్లో ఉంటే ఈపాటికి బయటపడిపోదా?"

"రూలు రూలే. పేరెంట్స్ నా మీద పడతారు. అందరికీ ఒకటే."

అందరికీ ఒకటే అన్నప్పుడు అసిరమ్మ ఆయన ముఖంలోకి చూసింది. సిగ్గు కనిపిస్తుందేమోనని చూసింది. పౌడరు రాసుకున్న ముఖం, నున్నగా గీసుకున్న గడ్డం, పొద్దున్నే పెట్టుకున్న బొట్టు. అంతే. పిల్లల కక్కుల దగ్గర ఏనాడూ పుట్టని రోత ఆ ముఖం చూస్తే పుట్టింది.

గేటు దగ్గరికి వచ్చి చెప్పాల్సింది తనే. చెప్పింది. కాంతం అరవలేదు. గట్టు మీద కూర్చుని కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"మా ఆయన ఇంకా అక్కడే ఉన్నాడప్పా. ఊరంతా ఖాళీ అయిపోతన్నాదంట. ఉత్తరం నేదు. బతికున్నాడో నేదో తెల్దు. నాను ఏడవాల్సింది దానికి. ఈ గేటుకాడ ఏడుత్తన్నాను."

ఆశ లోపలికి చూస్తోంది. పరీక్ష గంట కొట్టారు. పిల్లలు వరుసగా హాల్లోకి పోతున్నారు. వరుసలోంచి ధనశ్రీ ఈ పిల్లను చూసి చెయ్యూపింది. ఆశ కూడా ఊపింది. తర్వాత అసిరమ్మ వైపు తిరిగి, "నా లెక్కల పుస్తకం టీచర్‌కి ఇచ్చినావా ఆయమ్మా?" అని అడిగింది.

అసిరమ్మ అబద్ధం చెప్పలేక, నిజం చెప్పలేక, "ఎలిపో తల్లీ, ఎండ ఎక్కుతన్నాది" అంది. ఆ పూట తన మీద తనకు పుట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు. ఇంటికి వెళ్లి నూతి దగ్గర చేతులు ఒకటికి నాలుగు సార్లు సబ్బేసి కడుక్కుంది. కొంగు ముక్కుకు చుట్టుకున్నది ఈ పిల్ల ముందా అని తిట్టుకుంది.

శనివారం, లెక్కల పరీక్ష రోజు, తనిఖీకి సర్కారు నుంచి ఓ ఆఫీసరు వచ్చాడు. బడుల్లో ప్లేగు జాగ్రత్తలు ఎలా తీసుకుంటున్నారో చూసి రాసుకుపోవాలి. ప్రిన్సిపాల్ గదిలో కూల్‌డ్రింకు, జీడిపప్పు ప్లేటు పెట్టారు. భీమశంకరరావుగారు కూడా వచ్చి కూర్చున్నారు. అసిరమ్మను పిలిచి, ఆఫీసులో రాసి ఉంచిన గేటు పుస్తకం ముందు పెట్టి, "ఇక్కడ సంతకం చెయ్," అన్నాడు శ్రీరామ్మూర్తి.

అసిరమ్మ ఆ మధ్య అక్షరాస్యత క్లాసుల్లో పేరు రాయడం నేర్చుకుంది. గొలుసుకట్టు రాత చదవడం మాత్రం రాదు. "ఏటి రాసున్నాది?" అని అడిగింది.

"నీకెందుకు, చెయ్యి."

"నా పేరు పెడతన్నాను గదా సారూ. తెలుసుకోవాల."

గుమ్మం దగ్గర కుసుమకుమారి టీచరు జవాబు కాగితాల కట్టతో నిలబడి ఉంది. అసిరమ్మ పుస్తకం ఆమె చేతికిచ్చింది. టీచరు ప్రిన్సిపాల్ వైపు చూసి, తల వంచుకుని, వినీ వినపడకుండా చదివింది. 'సెప్టెంబరు 24 నుంచి నేటి వరకు, వ్యాధి ఉన్న ప్రాంతాల నుంచి వచ్చిన ఏ విద్యార్థినీ గేటు లోపలికి రానివ్వలేదని ధ్రువీకరిస్తున్నాను.'

అసిరమ్మ కలం బల్ల మీద పెట్టేసింది.

"నాను పెట్టను బాబూ. ఇద్దరు పిల్లలు ఎల్లొచ్చినారు. ఒక పిల్ల ప్లేగు మాట పుట్టకముందే వొచ్చీసినాది, దాన్ని నానే గేటుకాడ ఆపీసినాను, బయటున్నాది. ఇంకో పిల్ల ఆదివారం వొచ్చినాది, దగ్గుతా వొచ్చినాది, లోపల పరీక్ష రాత్తన్నాది. పుస్తకంలో అలాగ రాయండి, పెడతాను."

భీమశంకరరావుగారు నవ్వారు. ఏనాడూ గొంతు పెంచే మనిషి కాదాయన. "పల్లెటూరి మనిషండి. నమ్మకంగా పనిచేస్తుంది గానీ విషయం తెలియదు," అన్నారు ఆఫీసరుతో.

ఆఫీసరు గ్లాసు కింద పెట్టి మూతి తుడుచుకున్నాడు. అసిరమ్మ ఆయన వైపే ఆశగా చూసింది. బయటి మనిషి కదా, న్యాయం చెబుతాడనుకుంది.

"ఇప్పుడు పరీక్ష మధ్యలో ఆ పాపను లేపి బయటికి పంపితే ఏం బాగుంటుందండీ," అన్నాడు ఆఫీసరు. "చిన్నపిల్ల. మనసు గాయపడుతుంది. మనం మానవత్వంతో ఆలోచించాలి."

"మరి బయట ఉన్న గుంటకి మనసు నేదేటి బాబూ?"

ఆఫీసరు వాచీ చూసుకున్నాడు. రెండు జీడిపప్పులు నోట్లో వేసుకుని, తను రాసుకున్న కాగితం మడిచి ఫైల్లో పెట్టుకున్నాడు. గేటు పుస్తకంలో అసిరమ్మ సంతకం కావాల్సిన చోట ప్రిన్సిపాలే తన సంతకం గీకేశాడు. అంతటితో తనిఖీ అయిపోయింది.

అసిరమ్మ బయటికొచ్చి కుళాయి దగ్గర నోరు పుక్కిలించింది. ఆ గదిలో ఏమీ తినలేదు, తాగలేదు. అయినా పుక్కిలించాలనిపించింది.

నాలుగో తారీకు మంగళవారం ఆశ వచ్చింది, చీటీ మీద ముద్రతో. చివరి పరీక్ష సోషల్ ఒక్కటే మిగిలింది. హాల్లో దాని బెంచీ లేదు. వరండాలో కింద కూర్చుని రాయమన్నారు. అసిరమ్మ పెరట్లోకి వెళ్లి, వానకు తడిసి ఉబ్బిన బెంచీని ఒక్కతే ఈడ్చుకొచ్చింది. కొంగుతో తుడిచి హాల్లో ధనశ్రీ పక్కన వేసింది. ఇన్విజిలేటరుగా ఉన్న కుసుమకుమారి ముఖం తిప్పుకుని కిటికీలోంచి బయటికి చూసింది. ధనశ్రీ తన స్కేలూ రబ్బరూ ఈ బెంచీ మీదికి జరిపింది.

దసరా సెలవులకు ముందు రోజు ఆఫీసులో సరస్వతి పూజ. భీమశంకరరావుగారు ఏటా సిబ్బందికి బట్టలు పెడతారు. పేరు పేరునా పిలిచి, స్వీటు పొట్లంతో కలిపి చేతికిచ్చేవారు. అసిరమ్మ వంతు వచ్చింది.

"అసిరమ్మకు కొంచెం కోపం ఎక్కువైంది ఈ మధ్య," అని నవ్వుతూ చీర చాపారాయన.

అసిరమ్మ ఈలా, గేటు తాళంచెవీ బల్ల మీద పెట్టింది. "నాకొద్దు బాబూ. నాను మానేత్తన్నాను."

"అదేమిటి? ఎవరేమన్నారు?"

"ఎవరూ ఏటీ అనలేదు. ఒకలికి తాళం ఏసి ఒకలికి తీసే గేటు కాడ నాను నిలబడనేను. నిజంగా రోగవొస్తే నా సొంత గుంటనైనా ఆపుతాను, మా మామ్మ అలాగే ఉండీది. ఇది రోగానికి కట్టిన కట్టు కాదు బాబూ. నాకు తెలకపోయి కట్టినాను. ఆ పిల్ల పుస్తకం ఈ సేత్తోనే కుండీలో పారీసినాను. తల్చుకుంటే అన్నం సయించడం నేదు."

శ్రీరామ్మూర్తి ఏదో అనబోయాడు. కరస్పాండెంటుగారు చెయ్యెత్తి ఆపారు. "పోనివ్వండి, పండగపూట." ఆ చీర పక్కన ఉన్న స్వీపరు చేతికి వెళ్లింది.

ఆశ రిపోర్టులో అయిదు సబ్జెక్టులకు ఎదురుగా గైర్హాజరు అని ఎర్రసిరాతో రాసి ఇచ్చారు. సోషల్‌లో డెబ్భై ఎనిమిది. కాంతం ఆ కాగితం చూసి, సెలవుల తర్వాత పిల్లను సర్కారు హైస్కూల్లో వేసింది. అక్కడి హెడ్‌మాస్టరు చలమయ్య, "ఇంతకీ బాగా చదువుతుందా?" అని ఒక్క మాట అడిగి చేర్చుకున్నాడు.

అక్టోబరు మూడో వారంలో జగ్గారావు వచ్చాడు. ఆ సంగతి కాంతమే అసిరమ్మ ఇంటికి వచ్చి చెప్పింది. మనిషి గాజువాక రాలేదు. రైలు దిగి తిన్నగా పెందుర్తి పోయాడు. అక్కడ చెల్లెలు వాళ్ల ఇంటి వెనక ఇటుకల షెడ్డులో పడుకున్నాడు. కబురు మాత్రం పంపాడు.

"నాను రాసిన ఉత్తరం అందినాదంటప్పా. పదిరోజులూ అక్కడే ఉంటాడంట. తన మూలంగా గుంటకి మళ్లీ బడి పోకూడదంట. నన్ను కూడా దగ్గరికి రావొద్దన్నాడు."

మర్నాడు ఇద్దరూ బస్సెక్కి పెందుర్తి వెళ్లారు. షెడ్డుకు పది అడుగుల దూరంలో గడ్డి మీద కూర్చున్నారు. జగ్గారావు గుమ్మంలో ఉన్నాడు, గడ్డం మాసి, కుడిచేతికి కట్టుతో. కాంతం తెచ్చిన అన్నం డబ్బా మధ్యలో పెట్టి వెనక్కి జరిగితే అతను వచ్చి తీసుకున్నాడు.

"ఒంట్లో ఎలాగున్నాది బాబూ?" అంది అసిరమ్మ.

"రాయిలాగున్నానప్పా. ఏటీ నేదు. అయినా ఎందుకొచ్చినది, నాలుగు రోజులు ఓపిక పడితే పోనాది కదా," అన్నాడు. అతనికి ఏ నోటీసూ ఎవరూ అంటించలేదు. కర్ర పట్టుకుని ఎవరూ కాపలా లేరు. కాంతం కళ్లు తుడుచుకుంటూ, పిల్ల కొత్త బడి ముచ్చట్లు అక్కణ్ణుంచే కేకలేసి చెప్పింది.

అసిరమ్మ తర్వాత గాజువాక జంక్షన్ దగ్గర ఓ టిఫిన్ హోటల్లో పిండి రుబ్బే పనికి కుదిరింది. ఆ హోటలు వెనకే బడి మైదానం. నవంబరు పద్నాలుగున బాలల దినోత్సవం మీటింగు పెట్టారు. మైకులో శ్రీరామ్మూర్తి గొంతు వంటింట్లోకి గంటలా వినిపించింది.

"దేశమంతా ప్లేగుతో వణికిపోయిన రోజుల్లో, గౌరవనీయులైన మన కరస్పాండెంటుగారి ముందుచూపు వల్ల, తన పర భేదం లేకుండా మనం అమలు చేసిన కఠినమైన నియమాల వల్ల, మన పాఠశాలలో ఒక్క కేసు, ఒక్కటంటే ఒక్క కేసు కూడా రాలేదని గర్వంగా మనవి చేస్తున్నాను."

చప్పట్లు మోగాయి. గాజువాకలోనే ఎక్కడా ఒక్క కేసు రాలేదు.

అట్లు పోస్తున్న మనిషి నవ్వి, "మీ బడే గదేటే అసిరమ్మా, పెద్ద పేరొచ్చినాదే!" అన్నాడు.

అసిరమ్మ పొత్రం ఆపింది. లేచి పెరటి గుమ్మం దాకా వెళ్లి, మైకు వినిపిస్తున్న వైపు తిరిగి తుపుక్కున ఉమ్మింది. తిరిగొచ్చి చేతులు కడుక్కుని మళ్లీ రోటి ముందు కూర్చుంది.